గ్యాస్ పొయ్యి జిడ్డు వదలాలంటే: ఏ మరకకి వంటింట్లో ఏది పనిచేస్తుంది

పొయ్యి మీద పేరుకునేదంతా ఒకటే మురికి కాదు. ఈ సంగతి తెలిస్తే సగం పని తేలికైపోతుంది. ఒడిశాలో బరంపురం నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ మీదుగా జయపురం దాకా మన తెలుగు ఇళ్లలో ఒక్క పూటలోనే గంజి పొంగుతుంది, దాల్మా (కూరగాయలు వేసి వండే పప్పు) నురుగు కట్టి పొర్లుతుంది, ఆవనూనె పొగలు కక్కుతుంది, వడియాలు వేగుతాయి. గంజి చారికకి పనికొచ్చేది ఆవనూనె జిడ్డుని కదిలించలేదు. జిడ్డుని కరిగించేది పసుపు మరకని ఇంకా ముదరబెడుతుంది. అందుకే ఏది దొరికితే అది పోసి తోమడం కన్నా, మరకని చూసి మందు వెయ్యడం మేలు. దీనికి కావలసినవన్నీ ఇంట్లోనో, వారం సంతలోనో దొరికేవే.

మరక ఏదో ముందు తేల్చుకోండి

అన్నం గంజి, పప్పు నురుగు, చోడి అంబలి పొంగి ఎండితే తెల్లటి పొరగానో గోధుమరంగు చెక్కుగానో కనిపిస్తాయి. దీనికి సోడా అక్కర్లేదు, నిమ్మకాయా అక్కర్లేదు. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డని దానిమీద పరిచి 10 నిమిషాలు వదిలేస్తే ఉబ్బి, గోటితో తోసినా లేచి వస్తుంది. తడపకుండా పొడిగా గీకితేనే పొయ్యి మీద గీతలు పడతాయి.

నూనె రెండు రకాలు. ఆ పూట చిందిన నూనె మీద 2 చెంచాల బియ్యప్పిండి గానీ శనగపిండి గానీ చల్లి, 5 నిమిషాలాగి, పొడిగుడ్డతో ఎత్తేస్తే చాలు, పిండి నూనెని పీల్చేస్తుంది. వారాల తరబడి ఉండిపోయిన నూనె సంగతి వేరు. వేడి, గాలి తగిలి అది ముందు బంకలా, తర్వాత వార్నిష్ పూసినట్టు గట్టిపడుతుంది. ఆవనూనెని ఘాటు పోయేదాకా పొగలొచ్చేలా కాచి, ఆ తర్వాతే పోపు వేస్తాం కదా, ఆ పొగతోపాటు కంటికి కనపడని నూనె తుంపరలు లేచి పొయ్యి మీద, వెనక గోడ మీద, నాబ్‌ల సందుల్లో పసుపచ్చటి పొరగా వాలతాయి. పొద్దుతిరుగుడు నూనె అయితే ఇంకా తొందరగా బంకవుతుంది. కొబ్బరినూనె పేరుకుంటుందే గానీ అలా బిగుసుకోదు. ఈ పాత జిడ్డుకి సోడా కావాలి, వేడి కావాలి, అన్నిటికన్నా ముఖ్యంగా సమయం కావాలి.

అరిసెల పాకం పొంగి నల్లగా మాడితే చూడ్డానికి భయం వేస్తుంది గానీ, అందులో సగం పైగా నీళ్లకి కరిగే బెల్లమే. వేడి తడిగుడ్డని మూడు నాలుగుసార్లు మార్చి మార్చి పరిస్తే చాలావరకు వదిలిపోతుంది. మిగిలిన బొగ్గులాంటి మచ్చకి మాత్రమే సోడా ముద్ద.

పసుపు మరక దగ్గర జాగ్రత్త. పసుపుకి సోడా తగిలితే కుంకుమలా ఎర్రబడుతుంది. తెల్లటి ప్లాస్టిక్ నాబ్ మీదో, ఎనామెల్ పూత మీదో పసుపు పట్టి ఉంటే ముందు నిమ్మరసంతో తుడవండి. ఊడదీయగలిగిన భాగమైతే కడిగి ఎండలో పెట్టండి, ఎండకి పసుపు రంగు దానంతటదే వెలిసిపోతుంది.

ఇక చుక్కలు చుక్కలుగా ఉండే తెల్ల మచ్చలు బోరునీళ్లలోని సున్నం. వీటిని సోడా ఏమీ చెయ్యలేదు, పులుపే కదిలించాలి.

దగ్గర పెట్టుకోవలసినవి

వంటసోడా 4 పెద్ద చెంచాలు, బట్టలసోడా 5 పెద్ద చెంచాలు, నిమ్మకాయంత చింతపండు, ఒక నిమ్మకాయ, 12 కుంకుడుకాయలు, పాత పళ్ల బ్రష్షు, కొబ్బరిపీచు, ఎండిన బీరపీచు, మెత్తటి నూలు గుడ్డలు 3. చింతపండు కొత్తది కానక్కర్లేదు. పులుసు పిసికాక మిగిలే పిప్పిని రెండు మూడు రోజులు ఫ్రిజ్‌లో దాచుకుంటే అదే సరిపోతుంది. వెనిగర్ ఇంట్లో ఉంటే వాడుకోవచ్చు గానీ ఇందుకోసం కొననక్కర్లేదు. కోరాపుట్, రాయగడ కొండ సంతల్లో మంచి చింతపండు దొరికే ప్రాంతంలో ఉన్నాం మనం.

కుంకుడు రసం ముందురోజు రాత్రే వేసుకోవాలి. కాయలు చితక్కొట్టి గింజలు తీసేసి, అరలీటరు మరిగిన నీళ్లలో నానబెట్టండి. పొద్దున్నే పిసికి, గుడ్డతో వడకట్టండి. వడకట్టకపోతే తొక్క తునకలు బర్నర్ కన్నాల్లో చేరతాయి. మిగిలిన రసం ఫ్రిజ్‌లో 3 రోజులు ఆగుతుంది, బయట పెడితే మర్నాటికే పులుస్తుంది. కళ్లలో పడితే బాగా మండుతుంది, పిల్లలకి అందనివ్వకండి.

పెరటి కట్టెల పొయ్యి ఉన్నవాళ్లకి బూడిద గుర్తొస్తుంది. కట్టెల బూడిదని పల్చటి గుడ్డలో జల్లించి, మెత్తటి పొడిని మాత్రం ఇనుప స్టాండుకి వాడండి, జిడ్డు బాగా లాగుతుంది. ఊక బూడిద మాత్రం పొయ్యి దగ్గరికి రానివ్వకండి. అందులో ఇసుకలో ఉండే పదార్థమే ఎక్కువ, గాజునీ మెరుగు స్టీలునీ కూడా గీరేస్తుంది. పిడకల బూడిదలో మట్టి, ఇసుక కలిసి ఉంటాయి కాబట్టి అదీ వద్దు.

వంటసోడాలో నిమ్మరసమో వెనిగరో పోసి బుసబుసా నురుగు రప్పించే పద్ధతి ఈమధ్య వీడియోల్లో తెగ కనిపిస్తోంది. రెండూ కలిస్తే ఒకదాని బలం ఒకటి చంపుకుంటాయి. నురుగంతా గాలి, మిగిలేది కాస్త ఉప్పునీళ్లలాంటిది. జిడ్డుకి ముందు సోడా వాడి, పూర్తిగా తుడిచేసి, ఆ తర్వాత పులుపు వాడితే రెండూ తమ పని చేస్తాయి. ఇంకో మాట, బ్లీచింగ్ పౌడరుతో చింతపండుని గానీ నిమ్మనీ వెనిగర్‌నీ గానీ ఎప్పుడూ కలపకండి. విషవాయువు పుడుతుంది, మూసిన వంటింట్లో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

మొదలుపెట్టే ముందు

రెగ్యులేటర్ ఆఫ్ చెయ్యండి. నాబ్ ఒక్కటి కట్టేస్తే చాలదు, తుడిచేటప్పుడు చెయ్యి తగిలి నాబ్ తిరిగిపోవచ్చు. ఆఖరి వంట అయ్యాక కనీసం అరగంట ఆగండి. పొయ్యి గాజుదైతే ఇది తప్పనిసరి. వేడి గాజు మీద చన్నీళ్లు పడితే పగిలిపోగలదు, ఆ గాజు పగిలితే ఒకచోట బీటివ్వదు, మొత్తం గుల్లగుల్ల అవుతుంది.

స్టాండులు, బర్నర్లు, కింద పళ్లాలు ఉంటే అవీ తీసి పక్కన పెట్టండి. ఏ బర్నర్ ఏ వైపుదో గుర్తుంచుకోండి, పెద్దదీ చిన్నదీ తారుమారైతే మంట సరిగా రాదు. పొయ్యి మీద రాలిన అన్నం మెతుకులు, మసి, పోపుగింజలు పొడిబ్రష్షుతో ఊడ్చేయండి. తడి తగిలాక ఇవే బురదవుతాయి.

స్టాండులు, అవి నానుతుండగా పొయ్యి పైభాగం

స్టాండులు నానడానికి ఎక్కువసేపు పడుతుంది కాబట్టి ముందు వాటినే వెయ్యండి. బకెట్లో 4 లీటర్ల వేడినీళ్లు, 4 పెద్ద చెంచాల బట్టలసోడా కలిపి గంటసేపు ముంచండి. చేతికి తొడుగులు వేసుకోండి, ఈ నీళ్లు చర్మాన్ని ఒలిచేస్తాయి. స్టాండు పెద్దదై బకెట్లో పట్టకపోతే పాత గుడ్డని అదే నీళ్లలో ముంచి స్టాండు చుట్టూ చుట్టి ఉంచండి. అల్యూమినియం భాగం ఏదీ ఈ నీళ్లలో పడకూడదు, నల్లబడి గుంటలు పడుతుంది.

ఈలోపు పైభాగం. స్టీలుదైతే గోరువెచ్చటి కుంకుడు రసంలో ముంచి పిండిన గుడ్డని మొత్తం పరిచి 10 నిమిషాలు ఉంచి తుడవండి. పైపై జిడ్డు దీంతోనే పోతుంది. వదలని చోట్లకి 3 పెద్ద చెంచాల వంటసోడాలో ఒక పెద్ద చెంచా నీళ్లు కలిపి, జారిపోని ముద్దగా చేసి పట్టించండి. పైన తడిగుడ్డ కప్పండి. 20 నిమిషాలు ముద్ద తడిగానే ఉండాలి. ఎండిపోతే పనిచెయ్యడం ఆగిపోతుంది, పైగా తెల్లటి పొర గీకినా పోదు. తర్వాత బీరపీచుతో, స్టీలు మీద సన్నటి గీతలు ఏ దిశలో ఉన్నాయో ఆ దిశలోనే తోమండి. అడ్డంగా తోమితే వెలుగులో చారలు కనిపిస్తాయి. స్టీలు పీచు వాడితే కొన్ని రోజులకి తుప్పు చుక్కలు వస్తాయి, పీచులోంచి రాలిన ఇనుప నలుసులే ఆ తుప్పు.

బాగా ముదిరి బంకలా సాగే ఆవనూనె పొరకి సోడా కన్నా ముందు కొత్త నూనె అర చెంచా రాసి 10 నిమిషాలు ఉంచండి. నూనెతో నూనెని తియ్యడం వింతగా అనిపిస్తుంది గానీ, కొత్త నూనె పాతదాన్ని వదులు చేస్తుంది. పైన బియ్యప్పిండి చల్లి రుద్దితే మట్టిరంగు ఉండలై వచ్చేస్తుంది. మిగిలిన పల్చటి పొరకి సోడా ముద్ద. చలికాలంలో జయపురం, కోరాపుట్ వైపు డాల్డా, నెయ్యి పొయ్యి మీదే గడ్డకట్టి ఉంటాయి కాబట్టి అప్పుడు ప్రతి మెట్టులోనూ వేడినీళ్లే వాడండి.

సోడా పూర్తిగా పోయేలా తడిగుడ్డతో రెండుసార్లు తుడిచాక, కప్పు నీళ్లలో చెంచాడు నిమ్మరసం కలిపి ఒక తుడుపు. సున్నపు చుక్కలూ సోడా తెలుపూ రెండూ పోతాయి. వెంటనే మంచినీళ్ల గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. ఉప్పు, నిమ్మ కలిపి స్టీలు మీద రాసి వదిలేసే అలవాటు మానండి. ఉప్పు, పులుపు తడిగా నిలిచిపోతే స్టీలు మీద కూడా చిన్న చిన్న గుంటలు పడతాయి. గోపాల్‌పూర్ లాంటి ఊళ్లలో సముద్రపు గాలి ఇంకా తోడవుతుంది.

గాజు పొయ్యికి ఇదే వరస, కాకపోతే తోమడం ఉండదు. కొబ్బరిపీచు, ఉప్పు, బూడిద, ఏదీ వద్దు. సోడా ముద్దని మెత్తటి గుడ్డతో గుండ్రంగా తిప్పాలి, అంతే. బర్నర్ చుట్టూ మాడిన వలయానికి వేడి తడిగుడ్డ పావుగంట ఉంచి, పనికిరాని ప్లాస్టిక్ కార్డు అంచుని వాల్చి పట్టి నెట్టండి. చాకు తియ్యకండి. గాజు అంచున చిన్న పెచ్చు లేచి కనిపిస్తే ఆ పొయ్యి మీద వంట ఆపెయ్యండి, పగుళ్లు అక్కణ్ణించే మొదలవుతాయి.

గంట అయ్యాక స్టాండులని కొబ్బరిపీచుతో తోమి కడగండి. ఇనుపవైతే ఎండలో పెట్టండి, వానాకాలమైతే పొడిగుడ్డతో తుడిచి, పొయ్యి మళ్లీ బిగించి వెలిగించాక సన్నమంట మీద ఒక్క నిమిషం ఆరబెట్టి, గుడ్డకి రెండు చుక్కల నూనె అద్ది రుద్దండి. తడిగా వదిలేస్తే మర్నాటికే తుప్పు.

బర్నర్లు

శ్రద్ధంతా ఇక్కడ పెట్టాలి. మంట పసుపచ్చగా వచ్చి గిన్నెల అడుగులు నల్లబడుతున్నాయంటే చాలాసార్లు కారణం బర్నరే. కన్నాలు మూసుకుపోతే గ్యాస్‌కి చాలినంత గాలి కలవదు, సగం కాలిన గ్యాస్ మసిగా మారి గిన్నె అడుగున పడుతుంది. వంటకి ఎక్కువసేపు పడుతుంది, సిలిండర్ తొందరగా అయిపోతుంది.

మొదట బర్నర్ ఇత్తడిదా అల్యూమినియందా చూడండి. అడుగున కనపడని చోట మేకుతో చిన్న గీత గీస్తే లోపల పసుపచ్చగా ఉంటే ఇత్తడి, వెండిలా తెల్లగా ఉంటే అల్యూమినియం. చేతిలో బరువు కూడా చెప్తుంది, ఇత్తడి బరువుగా ఉంటుంది. అయస్కాంతంతో చూడడం దండగ, రెండూ అంటుకోవు.

ఇత్తడి బర్నర్‌కి ముందు జిడ్డు వదిలించాలి. జిడ్డు పొర ఉండగా చింతపండు వేస్తే పులుపు లోహాన్ని తాకనే తాకదు, చింతపండు పనిచెయ్యలేదని చాలామంది అనుకునేది ఇందుకే. లీటరు వేడినీళ్లలో ఒక పెద్ద చెంచా బట్టలసోడా వేసి బర్నర్లని 15 నిమిషాలు ముంచి, బ్రష్షుతో రుద్ది కడిగేయండి. తర్వాత స్టీలు గిన్నెలో లీటరు నీళ్లు మరిగించి దించి, నిమ్మకాయంత చింతపండు పిసికి, అందులో 20 నిమిషాలు నానబెట్టండి. తీసి బ్రష్షుతో రుద్దితే నల్లటి మకిలి పోయి పసుపు రంగు బయటపడుతుంది. రాత్రంతా నానబెట్టకండి. పులుపులో ఎక్కువసేపు ఉన్న ఇత్తడిలోంచి జింకు కరిగిపోయి, పైన గులాబీ రంగు మచ్చలు పడి లోహం బలహీనపడుతుంది.

తరవాణి కుండ ఉన్న ఇళ్లలో బాగా పులిసిన తరవాణి నీళ్లు కూడా ఇత్తడికి పనికొస్తాయి, పైనున్న తేటని వడకట్టి అందులో అరగంట ఉంచండి. కానీ అందులో గంజి ఉంటుంది. కడగడంలో ఏమాత్రం అశ్రద్ధ చేసినా కన్నాల్లో ఎండిపోతుంది, చీమలు పడతాయి. చింతపండు ఉన్నప్పుడు దాని జోలికి వెళ్లనక్కర్లేదు.

అల్యూమినియం బర్నర్‌కి బట్టలసోడా, బూడిద రెండూ వద్దు. వేడి కుంకుడు రసంలో అరగంట నానబెట్టి బ్రష్షుతో తోమండి. మిగిలిన నలుపుకి చింతపండు నీళ్లలో 10 నిమిషాలు చాలు.

ఇప్పుడు కన్నాలు. బర్నర్‌ని వెలుగుకేసి పట్టి చూస్తే ఏవి మూసుకున్నాయో తెలిసిపోతుంది. సన్నటి కుట్టుసూదితో ఒక్కొక్కదాన్నీ పొడవండి, దబ్బనం వద్దు, కన్నం పెద్దదై మంట ఒకవైపే ఎగుస్తుంది. అగ్గిపుల్ల చెక్క, పళ్లు కుట్టుకునే పుల్ల లోపలే విరిగిపోతాయి. తర్వాత బర్నర్‌ని బోర్లించి తట్టి, కుళాయి కింద లోపలి నుంచి బయటికి నీళ్లు పోనివ్వండి. నీళ్లు అన్ని కన్నాల్లోంచీ సమంగా వస్తే మంటా సమంగా వస్తుంది. కొన్నాళ్లు ఊరెళ్లి వచ్చాక పొయ్యి భగ్గుమని వెనక్కి అంటుకుంటుంటే బర్నర్ కింది గొట్టంలో సాలెగూడో బొద్దింక గుడ్లో చేరి ఉండొచ్చు, సీసాలు కడిగే సన్నటి బ్రష్షుతో దాన్ని శుభ్రం చెయ్యండి.

పొయ్యి లోపల గ్యాస్ చిమ్మే జెట్ ఉంటుంది. దాని కన్నం చాలా సన్నం. దానిలో సూది పెట్టకండి, నీళ్లు పోయకండి. కన్నం కాస్త పెరిగినా గ్యాస్ ఎక్కువ వచ్చి మంట ఎర్రబడుతుంది. అది మెకానిక్ పని.

నాబ్‌లు, పైపు, పొయ్యి కింద

నాబ్‌లని నేరుగా బయటికి లాగితే వస్తాయి, మెలితిప్పకండి. కుంకుడు రసంలో 10 నిమిషాలు వేసి బ్రష్షుతో సందులు తోమండి. సోడా ముద్దతో రుద్దితే ఆఫ్, సిమ్ అని రాసిన అక్షరాలు చెరిగిపోతాయి. నాబ్ తీసిన చోట కనిపించే కాడ దగ్గర నీళ్లు పొయ్యకండి, పిండిన గుడ్డతో తుడిస్తే చాలు. ఆటోమేటిక్ లైటర్ ఉన్న పొయ్యికి ఇది మరీ ముఖ్యం, తడిస్తే నిప్పురవ్వ రాదు.

పొయ్యిని జరిపి కింద గట్టు కూడా తుడవండి. రబ్బరు పైపుని తడిగుడ్డతో తుడవడమే, దానికి నూనె, నిమ్మ, సోడా ఏవీ తగలనివ్వకండి. సురక్ష పైపుని 5 ఏళ్లకోసారి మార్చాలి. పైపు మీద తేదీ అచ్చువేసి ఉంటుంది, జిడ్డు తుడిచినప్పుడే అది కనిపిస్తుంది, చదువుకోండి. వేలితో వంచి చూస్తే సన్నటి పగుళ్లు కనిపించినా మార్చేయాల్సిందే.

మళ్లీ బిగించాక

బర్నర్ల లోపల తడి పూర్తిగా ఆరాలి. ఎండలో గంట, వానాకాలమైతే ఫ్యాన్ కింద ఒక పూట. బర్నర్ తన గాడిలో కదలకుండా కూర్చుందో లేదో వేలితో తిప్పి చూడండి, ఒక పక్క లేచి ఉంటే మంట కిందనుంచి వస్తుంది.

కిటికీ తీసి, రెగ్యులేటర్ ఆన్ చేసి, నాబ్‌లు కట్టేసే ఉంచి, పైపు రెండు చివర్లకీ చిక్కటి కుంకుడు నురుగు పట్టించండి. బుడగలు కొత్తగా పుట్టి పెరుగుతుంటే గ్యాస్ కారుతున్నట్టే. వెంటనే రెగ్యులేటర్ ఆఫ్ చేసి, తలుపులు బార్లా తీయండి. గ్యాస్ గాలికన్నా బరువు, నేలమీదే పరుచుకుంటుంది, కాబట్టి కిటికీ ఒక్కటీ చాలదు. లైటు స్విచ్ వెయ్యకండి, వేసి ఉంటే తియ్యకండి. బయటికి వెళ్లి 1906కి ఫోన్ చెయ్యండి, గ్యాస్ లీకులకి ఉన్న అత్యవసర నంబరు అది.

అంతా బాగుంటే వెలిగించండి. మంట నీలంగా, సమంగా రావాలి. మొదటి నిమిషం కాస్త పసుపు కనిపిస్తే కంగారు పడకండి, సోడా ఏ మూలైనా మిగిలినా మంట పసుపచ్చగానే మెరుస్తుంది. ఐదు నిమిషాలకీ తగ్గకపోతే బర్నర్‌ని మళ్లీ మంచినీళ్లతో కడగండి. కడిగి ఆరబెట్టాక కూడా అలాగే ఉంటే మెకానిక్‌ని పిలవాలి, తోమి లాభం లేదు.

ఎన్నాళ్లకోసారి

రోజూ రాత్రి పొయ్యి ఆరాక గోరువెచ్చటి నీళ్లలో పిండిన మసిగుడ్డతో ఒక తుడుపు తుడిస్తే సోడా అవసరం వారానికోసారి కూడా రాదు. ఆవనూనె రోజూ కాచే ఇంట్లో వారానికోసారి కుంకుడు రసం, బర్నర్లకి నెలకోసారి చింతపండు. గంజి పొంగిన రోజున మాత్రం ఆ పూటే చూసుకోండి, కన్నంలో ఎండిన గంజి సూదికి కూడా మొండికేస్తుంది.

మార్గశిర లక్ష్మివారాలకి ఇల్లంతా కడిగి ముగ్గులు పెట్టేవాళ్లు బర్నర్లని బుధవారం మధ్యాహ్నం వంట అవగానే విప్పుకోండి. రాత్రి వంట అయ్యాక మొదలుపెడితే మార్గశిరం చలికి తెల్లారేసరికి లోపలి తడి ఆరదు, పొద్దున్నే పరమాన్నం పెట్టబోతే పొయ్యి టపటపమని కొట్టుకుని ఆరిపోతుంది.